సర్ డగ్ నికోల్స్: మైదానం నుంచి గవర్నర్ బంగళా దాకా

మహనీయుల జీవితాలు పరిచయం చేసుకోవడం మన సంచికకు ఉన్న మంచి అలవాటు. అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి, జాషువా గురించి మనం ఎన్నోసార్లు చదువుకున్నాం, ఇక ముందూ చదువుకుంటాం. ఈసారి సముద్రం దాటి ఆస్ట్రేలియా దాకా వెళ్ళివద్దాం. అక్కడి మూలవాసుల బిడ్డగా పుట్టి, ఫుట్‌బాల్ ఆటగాడిగా, పాస్టర్‌గా, ఉద్యమకారుడిగా బతికి, చివరికి ఒక రాష్ట్రానికి గవర్నర్ అయిన సర్ డగ్లస్ నికోల్స్ గురించి మేము ఇక్కడ రాస్తున్నాం.

ఆయన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఆటల్లో మనల్ని ఎవరైనా కులం పేరుతోనో, హాస్టల్ పేరుతోనో కించపరిస్తే పెద్దలు మనకు చెప్పే మాట ఒకటే. నోటితో కాదు, ఆటతో జవాబు చెప్పమంటారు. ఆ మాట ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే డగ్ నికోల్స్ జీవితం చదవాలి.

నది ఒడ్డున బాల్యం

తెల్లవాళ్ళు 1788లో వచ్చి వలస స్థాపించడానికి వేల ఏళ్ళ ముందు నుంచీ ఆస్ట్రేలియా నేల మీద ఎన్నో జాతుల మూలవాసులు బతుకుతున్నారు. వారిలో ముర్రే నదీ తీరపు జనం యోర్టా యోర్టాలు. డగ్లస్ నికోల్స్ 1906 డిసెంబర్ 9న ఆ జనంలోనే, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని కమెరగంజలో పుట్టారు. తండ్రి హెర్బర్ట్, తల్లి ఫ్లోరెన్స్.

కమెరగంజ మూలవాసుల కోసం ప్రభుత్వం కేటాయించిన స్థలం. చూడ్డానికి ఊరిలాగే ఉన్నా ఊరికి ఉండే స్వేచ్ఛ దానికి లేదు. మొదట్లో అక్కడి కుటుంబాలు తామే సాగు చేసుకున్న పొలాలను తర్వాత బోర్డు వెనక్కి తీసుకుంది. ఎవరు లోపల ఉండాలో, ఎవరు బయటికి పోవాలో నిర్ణయించే అధికారం మేనేజర్‌ది. ఆ బోర్డు పేరులో రక్షణ అనే మాట ఉండేది. ఆ రక్షణ ఎలాంటిదో డగ్లస్‌కు చిన్నతనంలోనే అర్థమైంది. ఆయనకు ఎనిమిదేళ్ళప్పుడు పోలీసులు వచ్చి, పదహారేళ్ళ అక్క హిల్డాను ఇంటి నుంచి బలవంతంగా తీసుకుపోయారు. మూలవాసుల ఆడపిల్లలకు ఇంటిపనులు నేర్పి తెల్లవాళ్ళ ఇళ్ళకు పనిమనుషులుగా పంపే కూటముండ్రా శిక్షణ గృహంలో చేర్చారు. ఇలా కుటుంబాలకు దూరం చేసిన పిల్లలనే ఇప్పుడు దొంగిలించబడిన తరాలు అంటున్నారు. దీనికి ఆస్ట్రేలియా పార్లమెంటులో ప్రధానమంత్రి క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. అప్పటికి డగ్లస్ చనిపోయి దాదాపు 20 ఏళ్ళు అయింది.

కమెరగంజ బడిలో ఆయనకు దొరికింది ప్రాథమిక చదువే. పదమూడేళ్ళకే మేనమామ వరస వాళ్ళతో కలిసి గొర్రెల ఫారాల్లో కూలికి వెళ్ళారు. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రె చర్మం తెగితే ఆ గాయానికి తారు పూయడం అక్కడ కుర్రాళ్ళ పని. ఆయన బతుకుదెరువు అలా మొదలైంది. కానీ కాళ్ళలో వేగం ఉంది. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలే అయినా బంతి దగ్గరికి ఆయనకన్నా ముందు చేరేవాళ్ళు తక్కువ.

ముట్టుకోని చేతులు

అక్కడి ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మైదానమూ అలాగే ఉంటుంది. ఒక్కో జట్టులో 18 మంది ఆడతారు. చేతులూ కాళ్ళూ రెండూ వాడొచ్చు. ఒకరినొకరు గుద్దుకుంటూ, పైకి ఎగురుతూ, కిందపడుతూ ఆడే ఆట కాబట్టి దెబ్బలు ఎక్కువ. ఆటకు ముందూ తర్వాతా కాళ్ళకు నూనె రాసి మాలీషు చేసే మనిషి ప్రతి క్లబ్బులో ఉంటాడు. అది విలాసం కాదు, ఆటగాడి ఒంటికి అదే రక్షణ.

టొంగాలా అనే చిన్న పట్నం జట్టులో పేరు తెచ్చుకున్న డగ్లస్, 1927లో మెల్‌బోర్న్ నగరంలోని కార్ల్‌టన్ క్లబ్బుకు వెళ్ళారు. విక్టోరియా రాష్ట్రపు పెద్ద లీగులో ఆడాలన్నది కోరిక. అక్కడ ఆయనకు బంతితో కష్టం రాలేదు, డ్రెస్సింగ్ రూములో వచ్చింది. ఈ నల్లవాడి దగ్గర వాసన వస్తోందని కొందరు ఆటగాళ్ళు అన్నారు. మాలీషు చేసే మనిషి ఆయన కాళ్ళు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ క్లబ్బు తరఫున ఒక్క సీనియర్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఆయన బయటికి వచ్చేశారు.

తమ్ముళ్ళూ, ముట్టుకోకపోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మన తాతలు దోసిలి పట్టి నీళ్ళు తాగిన రోజులు మన ఇళ్ళలో ఇంకా కథలుగా చెబుతూనే ఉన్నారు. మేము ఇక్కడ గమనించమనేది ఒక్కటే. ఆ గదిలో జరిగింది మనసుకు తగిలిన అవమానం మాత్రమే కాదు. తోటి ఆటగాళ్ళందరికీ దక్కిన వైద్య రక్షణ ఆయన ఒంటికి దక్కలేదు. పిక్క పట్టేసినా, మోకాలు వాచినా చూసే చేతులు లేని చోట ఏ ఆటగాడు నిలబడతాడు? జాతి వివక్ష ఆటగాడి భద్రతకు సంబంధించిన విషయం అని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. కార్ల్‌టన్ గదిలో 1927లోనే అది కళ్ళ ముందు జరిగింది. అయితే అప్పుడు ఫిర్యాదు చేయడానికి అధికారి లేడు, విచారించడానికి నియమం లేదు. ఆయనకు మిగిలింది తలుపు ఒక్కటే.

ఆటతో చెప్పిన జవాబు

ఆయన ఇంటికి వెళ్ళిపోలేదు. విక్టోరియాలోనే మరో పోటీలో ఆడే నార్త్‌కోట్ క్లబ్బులో చేరారు. 1929లో ఆ జట్టు విజేతగా నిలిచింది. అదే ఏడాది నయా, వారక్‌నబీల్ పట్నాల్లో డబ్బు బహుమతికి జరిగే పేరున్న పరుగు పందాలు రెండూ గెలిచారు. ఆటలో వచ్చేది చాలక, ఊరూరా గుడారం వేసి కుస్తీలు పట్టించినట్టు బాక్సింగ్ పోటీలు పెట్టే జిమ్మీ షార్మన్ బృందంలోనూ 1931లో చేరి పోట్లాడారు.

1932లో ఫిట్జ్‌రాయ్ క్లబ్బు పిలిచింది. అది పెద్ద లీగే. అక్కడ కూడా మొదట డ్రెస్సింగ్ రూములో ఒక మూల ఒంటరిగా కూర్చున్నారట. ఆ జట్టులో అందరికన్నా పేరున్న ఆటగాడు హేడన్ బంటన్. లీగులో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో పతకాన్ని మూడుసార్లు గెలిచినవాడు. ఆయన లేచి వచ్చి డగ్లస్ పక్కన కూర్చుని, పరిచయం చేసుకుని, అక్కడే బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టాడు. జట్టు ఊరు వెళ్తే డగ్లస్‌తో ఒకే గదిలో ఉండేవాడు. ఆ తర్వాత మిగతావాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఫిట్జ్‌రాయ్ తరఫున డగ్లస్ 1937 దాకా 54 మ్యాచ్‌లు ఆడారు. 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యారు. మూలవాసుల నుంచి ఆ జట్టుకు వెళ్ళిన మొదటి మనిషి ఆయనే.

ఇక్కడితో కథ ఆపేస్తే చాలా బాగుంటుంది. కష్టపడి ఆడాడు, అందరి మనసులూ గెలిచాడు అని ముగించొచ్చు. కానీ ఒకసారి ఆలోచించండి. కార్ల్‌టన్‌లోనూ ఫిట్జ్‌రాయ్‌లోనూ ఉన్నది అదే డగ్లస్, అవే కాళ్ళు, అదే వేగం. తేడా ఒక్క బంటన్. ఆ మనిషి వేరే క్లబ్బులో ఉండి ఉంటే? ఆ రోజు అతనికి ఒంట్లో బాగాలేక రాకుండా ఉంటే? మంచి మనిషి ఎదురుపడటం అదృష్టం. ఒకరి భద్రత అదృష్టం మీద ఆధారపడకూడదు.

మేము డిగ్రీ చదివే రోజుల్లో మన హాస్టళ్ళ పిల్లలం కలిసి ఒక టోర్నమెంటుకు వెళ్ళాం. అవతలి జట్టువాళ్ళు మ్యాచ్ పొడుగునా మమ్మల్ని కులం పేరు పెట్టే పిలిచారు. రిఫరీకి వినపడింది, ఆయన ఈల నోట్లోనే ఉంది. మాకూ అప్పుడు అదే సలహా దొరికింది, ఆటతో జవాబు చెప్పమని. మేము గెలిచాం కూడా. కప్పు పట్టుకుని బస్సెక్కుతుంటే వెనక నుంచి అదే మాట మళ్ళీ వినిపించింది. డగ్ నికోల్స్ పదేళ్ళకు పైగా ఆటతో జవాబు చెప్పారు. ఆ జవాబు ఆయనకు గౌరవం తెచ్చింది. ఆయన తర్వాత వచ్చిన పిల్లవాడికి రక్షణ తేలేదు.

మైదానం బయట

ఈ సంగతి ఆయనకు మనకన్నా ముందే తెలుసు. అందుకే ఆట ఒక్కటే నమ్ముకోలేదు. ఆట ఆడే రోజుల్లోనే నార్త్‌కోట్‌లోని క్రైస్తవ సంఘంలో చురుగ్గా పనిచేస్తూ ప్రసంగాలు చేసేవారు. ఆయనకు తాత వరసయ్యే విలియం కూపర్ మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మూలవాసుల లీగు స్థాపించారు. పార్లమెంటులో తమకు ప్రాతినిధ్యం కావాలని 1814 మంది సంతకాలతో బ్రిటిష్ రాజుకు మహజరు తయారుచేసిన పెద్దాయన ఆయన. ఆస్ట్రేలియా ప్రభుత్వం దాన్ని రాజుకు పంపనే లేదు. తెల్లవాళ్ళు వచ్చి 150 ఏళ్ళయిందని 1938 జనవరి 26న దేశమంతా పండుగ చేసుకుంటుంటే, మూలవాసులు సిడ్నీలో సంతాప దినం పాటించారు. డగ్లస్ అందులో పాల్గొన్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన సొంత ఊరు కమెరగంజ జనం మేనేజర్ దాష్టీకం భరించలేక, మూటాముల్లె సర్దుకుని నది దాటి విక్టోరియా వైపు వెళ్ళిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో ఆయన సైన్యంలో చేరారు. మరుసటి ఏడాదే ఫిట్జ్‌రాయ్ పోలీసులు అడిగి మరీ ఆయన్ను వెనక్కి రప్పించారు. ఆ పేటలో పల్లెల నుంచి వచ్చి చేరిన మూలవాసులు తాగుడు, నిరుద్యోగం మధ్య నలిగిపోతుంటే వాళ్ళ మధ్య పనిచేయడానికి ఆయన కావలసి వచ్చారు. 1942 చివర్లో గ్లాడిస్‌ను పెళ్ళాడారు. ఆమె ఆయన అన్న హోవర్డ్ భార్య. హోవర్డ్ ప్రమాదంలో చనిపోగా ముగ్గురు పిల్లలతో మిగిలింది. 1943 నుంచి ఫిట్జ్‌రాయ్‌లో మూలవాసుల చర్చికి డగ్లస్ పాస్టర్ అయ్యారు.

మన సంచికలో తప్పక చెప్పుకోవలసింది మరొకటి ఉంది. ఈ దంపతులు నార్త్‌కోట్‌లో మూలవాసుల ఆడపిల్లల కోసం హాస్టల్ నడిపారు. పల్లెల నుంచి పనికోసం, శిక్షణ కోసం నగరానికి వచ్చే పిల్లలకు గది అద్దెకిచ్చేవాళ్ళు దొరకని రోజులవి. అక్క హిల్డాను తీసుకుపోయింది కూడా వసతి గృహానికే. కానీ అది పిల్లను ఇంటి నుంచి తెంచడానికి పెట్టినది, ఇది పిల్లను నిలబెట్టడానికి పెట్టినది. హాస్టల్ అనే మాటలో ఇంత తేడా ఉంటుందని మనకన్నా ఎవరికి బాగా తెలుస్తుంది?

1957లో విక్టోరియాలో మూలవాసుల అభ్యున్నతి లీగు ఏర్పడింది. డగ్లస్ దానికి క్షేత్ర అధికారి అయ్యారు. అదే ఏడాది పశ్చిమ ఆస్ట్రేలియాలోని వార్‌బర్టన్ ప్రాంతానికి వెళ్ళి, ఎడారిలో ఆకలితో, రోగాలతో అల్లాడుతున్న తన వాళ్ళను చూశారు. అక్కడ తీసిన చిత్రాన్ని సభల్లో చూపిస్తే నగరాల్లోని జనం కదిలిపోయారు. లీగు తరఫున వచ్చే పత్రికకు ఆయనే సంపాదకుడు. లేక్ టయర్స్ అనే స్థలం నుంచి మూలవాసులను ఖాళీ చేయించాలని ప్రభుత్వ సంక్షేమ బోర్డు చూస్తే, 1963లో అందులో తన సభ్యత్వానికి రాజీనామా చేసి ఉద్యమంలోకి దిగారు. 1971లో ఆ భూమి అక్కడి జనానికే దక్కింది. 1967 మే 27న దేశవ్యాప్త రెఫరెండంలో మూలవాసులను జనాభా లెక్కల్లో చేర్చడానికి, వారి కోసం కేంద్రం చట్టాలు చేయడానికి 90 శాతానికి పైగా ఓటర్లు ఔనన్నారు. ఆ ప్రచారం వెనక డగ్లస్ తరం వాళ్ళ దశాబ్దాల తిరుగుడు ఉంది.

ఆయన సభల్లో పియానో పోలిక చెప్పేవారు. తెల్ల మెట్లు మాత్రమే నొక్కితే ఏదో ఒక పాట వస్తుంది, నల్ల మెట్లతోనూ వస్తుంది, కానీ నిండైన సంగీతం కావాలంటే రెండూ కలవాలని ఆయన భావం. హార్మోనియం చూసిన మనకు ఇది వెంటనే అర్థమవుతుంది.

1972లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. మూలవాసుల్లో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. 1976 డిసెంబర్ 1న దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్‌గా ప్రమాణం చేశారు. గొర్రె గాయాలకు తారు పూసిన చేతులు ఒక రాష్ట్రపు తొలి పౌరుడి సంతకం చేశాయి. పక్షవాతం రావడంతో 1977 ఏప్రిల్ చివర్లో పదవి వదులుకున్నారు. 1988 జూన్ 4న కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలు జరిగాయి. సమాధి మాత్రం కమెరగంజలోనే.

ఆయన తర్వాత వచ్చిన నియమం

ఇంతటి మనిషి పోయాక మైదానం మారిపోయిందా? లేదు. 1993 ఏప్రిల్ 17న మెల్‌బోర్న్‌లోని విక్టోరియా పార్క్‌లో సెయింట్ కిల్డా ఆటగాడు నికీ విన్మార్‌ను అవతలి జట్టు అభిమానులు రోజంతా జాతి పేరుతో తిట్టారు. మ్యాచ్ గెలిచాక ఆయన జెర్సీ పైకెత్తి తన నల్లని చర్మాన్ని వేలితో చూపించాడు. ఆ ఫోటో దేశమంతా చూసింది. మంచి ఆటతో జవాబు చెప్పాక కూడా ఆ వేలు చూపించాల్సి వచ్చిందని గమనించండి.

1995 ఏప్రిల్ 25న ఎసెండన్ ఆటగాడు మైకేల్ లాంగ్‌ను ప్రత్యర్థి ఒకడు మైదానంలోనే జాతి పేరుతో దూషించాడు. లాంగ్ తల్లిదండ్రులిద్దరూ చిన్నప్పుడు ఇంటి నుంచి తీసుకుపోబడినవారే. ఆయన ఊరుకోకుండా ఫిర్యాదు చేశాడు. లీగు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించి పంపేయాలని చూసింది. అది చాలదని ఆయన పట్టుబట్టాడు, ఇతర మూలవాసి ఆటగాళ్ళు తోడు నిలిచారు. ఆ ఏడాది జూన్ చివర్లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగు 30వ నంబరు నియమం తెచ్చింది. జాతి, మతం, రంగు, పుట్టుక ఆధారంగా ఎవరినీ బెదిరించకూడదు, కించపరచకూడదు, అవమానించకూడదు. ఫిర్యాదు వస్తే ముందు ఇరువురి మధ్య రాజీ ప్రయత్నం చేయాలి. కుదరకపోతే విషయం ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ఆటగాళ్ళకు ఈ విషయంపై శిక్షణ మొదలైంది. డగ్లస్ కార్ల్‌టన్ తలుపు దాటి వచ్చేసిన 68 ఏళ్ళకు ఫిర్యాదుకు ఒక చోటు ఏర్పడింది.

నియమం రాగానే అంతా చక్కబడలేదు. ఈ నియమం ముందుగా చూసింది ఆటగాళ్ళ నోళ్ళనే, గ్యాలరీలను కాదు. ఆడమ్ గుడ్స్ అనే గొప్ప ఆటగాడు 2013లో ప్రేక్షకుల్లోంచి వచ్చిన దూషణను వేలెత్తి చూపాడు. ఆ తర్వాత 2015లో మైదానం తర్వాత మైదానం ఆయన్ను గేలి చేసింది. ఆ ఏడాదే ఆట మానేశాడు. సమయానికి అండగా నిలవలేకపోయామని లీగు 2019లో క్షమాపణ చెప్పింది. కాలింగ్‌వుడ్ క్లబ్బులో జరిగిన స్వతంత్ర విచారణ, అక్కడి వివక్ష ఒకరిద్దరి తప్పు కాదని, క్లబ్బు పద్ధతుల్లోనే ఉందని 2021లో తేల్చింది.

అయినా నియమం పనిచేసిన రోజులూ ఉన్నాయి. 2021లోనే అడిలైడ్ క్లబ్బు ప్రముఖ ఆటగాడొకరు ఒక మూలవాసి ఆటగాడి గురించి జాతి దూషణ చేశాడు. విన్నది సొంత క్లబ్బు ఉద్యోగి. ఆ ఉద్యోగే విషయం పైకి చెప్పాడు. 6 మ్యాచ్‌ల నిషేధం పడింది. ఒకప్పుడు బంటన్ మంచితనం మీద ఆధారపడ్డ పని, ఇప్పుడు విన్న ప్రతివాడి బాధ్యత అయింది. 2016 నుంచి ఆ లీగులో ఏటా మూలవాసుల గౌరవార్థం జరిపే మ్యాచ్‌లకు సర్ డగ్ నికోల్స్ పేరు పెట్టారు. వాటిలో కార్ల్‌టన్ కూడా ఆడుతుంది.

మన మాట

మన దేశంలో 17వ అధికరణం ఉంది, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అంబేద్కర్ వంటి మేధావి పుట్టిన దేశంలోనూ చట్టం ఎందుకు కావలసి వచ్చిందంటే, ఒకరి ప్రతిభ మిగతా కోట్లమందికి గొడుగు కాదు కాబట్టి. చట్టం పుస్తకంలో ఉంటుంది. అది కబడ్డీ కోర్టు దాకా, వాలీబాల్ నెట్ దాకా రావాలంటే చిన్న చిన్న నియమాలు కావాలి. మా అభిప్రాయంలో ఏ టోర్నమెంటుకైనా నాలుగు ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఆట మొదలయ్యే ముందే మైకులో ప్రకటించాలి. ఎన్ని రోజుల్లో తేలుస్తారో చెప్పాలి. చెప్పిన పిల్లవాడిని జట్టులోంచి తీసేయకూడదు. విన్న రిఫరీ, కోచ్, తోటి ఆటగాడు మౌనంగా ఉంటే అదీ తప్పుగానే లెక్కించాలి. వీటికి డబ్బు ఖర్చు లేదు. వచ్చే ఏడాది మన హాస్టల్ ఆటల పోటీలతోనే వీటిని మొదలుపెట్టమని వార్డెన్ గారిని, పీఈటీ సారును, పూర్వ విద్యార్థుల సంఘాన్ని కోరుతున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, బాగా ఆడండి. డగ్ నికోల్స్ ఆడినట్టు ఆడండి. కానీ మిమ్మల్ని ఎవరైనా కించపరిస్తే, ఆటతో జవాబు చెప్పే భారం మీ ఒక్కరి కాళ్ళ మీదే వేసుకోకండి. నోరు విప్పి చెప్పండి, కాగితం మీద రాసివ్వండి. మీ జట్టులో మూల కూర్చున్న పిల్లవాడు కనిపిస్తే పిలుపు కోసం చూడకుండా వెళ్ళి పక్కన కూర్చోండి. నియమం వచ్చేదాకా బంటన్ పని మనం చేద్దాం. వచ్చాక దాన్ని కాపాడుకుందాం.